లుకింగ్ ఫార్వర్డ్ టు "హియర్" ఆ, "హియరింగ్" ఆ? బయ్యర్‌కి మెయిల్ పంపాలి, కాస్త చెప్పండి

లేసు_దారం (నరసాపురం)

నమస్తే అండి అందరికీ. మాది సఖినేటిపల్లి, రోజూ పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వచ్చి ఇక్కడో లేసు ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తున్నానండి, ఫారిన్ బయ్యర్లకి మెయిల్స్ రాసే పని నాదే. కొత్త బయ్యర్ ఒకాయన టేబుల్ క్లాత్‌లకీ డాయిలీలకీ (ప్లేట్ల కింద వేసే చిన్న లేసు ముక్కలు) రేట్లు అడిగితే కొటేషన్ తయారు చేసి మెయిల్ చివర్న "వి ఆర్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" అని పెట్టేను. మా ఆఫీసులో సీనియర్ గారు చూసి, టు తర్వాత ఎప్పుడూ వి1 రావాలమ్మా, టు గో, టు కమ్, టు ఈట్ అని చదువుకోలేదా, "హియర్" అని మార్చు అన్నారండి. పక్క సీట్లో అక్కేమో ఆ రెండూ వద్దు, "లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై" అని పెట్టేసేయి, అందరూ అలాగే రాస్తారు అంది.

నాకు హియరింగే కరెక్ట్ అని గట్టిగా అనిపిస్తోంది గానీ ఎందుకూ అంటే చెప్పలేకపోతున్నాను, పెద్దాయనతో వాదించాలంటే కారణం ఉండాలి కదండీ. నెట్‌లో వెతికితే రెండు రకాలూ కనిపిస్తున్నాయి. 2024లో మన నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, ఆ ముక్క కూడా మెయిల్లో రాసేను. ఊళ్ళల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కళ్ళు లాగేలా అల్లిన సరుకు ఇది, దాన్ని చూపించే మెయిల్లో తప్పు ఉండకూడదని నా బాధ. వ్యాకరణం తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రొయ్యల_ల్యాబ్ (భీమవరం)

హియరింగే కరెక్ట్ అండి, మార్చొద్దు. "ఫర్" అసలు రాదు, లుక్ ఫార్వర్డ్ పక్కన టు ఒక్కటే. మా కంపెనీలో కూడా సగం మంది ఫర్ అనే రాస్తారు. కారణం మాస్టారు లాంటివాళ్ళు చెబుతారు, నేను రాత్రి డ్యూటీ దిగేక వస్తాను, టోన్ గురించి ఒక సంగతి చెప్పాలి.

కోనసీమ_మాస్టారు (అమలాపురం)

అమ్మా, మీరు రాసిందే కరెక్ట్. మీ సీనియర్ గారు చెప్పిన రూలు కూడా తప్పు కాదు, కాకపోతే ఆ రూలు ఇంకో టు కి చెందింది, ఇక్కడికి వర్తించదు. నేను ముప్పై ఏళ్ళకి పైగా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ గందరగోళం ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంగ్లీషులో టు రెండు పనులు చేస్తుంది. ఒకటి వెర్బ్ ముందు నిలబడేది, "ఐ వాంట్ టు గో", "షి డిసైడెడ్ టు కమ్", దీని తర్వాత వి1 తప్ప ఇంకోటి రాదు. రెండోది ప్రిపోజిషన్, "గో టు రాజమండ్రి", "లెటర్ టు ద బ్యాంక్", దీని తర్వాత నామవాచకం రావాలి. మరి అక్కడ పని పేరు పెట్టాల్సొస్తే ఆ క్రియని నామవాచకంలా మార్చుకోవాలి, అలా మార్చిన రూపమే మనవాళ్ళు వి4 అంటారే, ఆ ఇంగ్ ఫారం. లుక్ ఫార్వర్డ్ టు లో ఉన్న టు ఈ రెండో రకం. అందుకని "లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై" అన్నా సరే, "లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" అన్నా సరే, "టు హియర్" మాత్రం కుదరదు.

ఇది ఏ టు అనేది పట్టుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. టు తర్వాత క్రియ తీసేసి అక్కడ "ఇట్" గానీ ఏదైనా వస్తువు పేరు గానీ పెట్టి చూడండి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్", బాగానే ఉంది, కాబట్టి ప్రిపోజిషన్, కాబట్టి వి4. "ఐ వాంట్ టు ఇట్", "ఐ డిసైడెడ్ టు ఇట్", నోరు తిరగదు, కాబట్టి వి1. మీ పెద్దాయనకి ఇది పక్కన కూర్చుని చేసి చూపించండి, వాదన అక్కర్లేదు.

ఇక మనవాళ్ళకి ఇది ఎందుకు తికమక పెడుతుందంటే, మన తెలుగులో "డానికి" అనే ఒక్క రూపమే రెండు పనులూ చేసేస్తుంది. "ఈత కొట్టడానికి నిర్ణయించుకున్నాను", "ఈత కొట్టడానికి అలవాటు పడ్డాను", రెండిట్లోనూ కొట్టడానికే. ఇంగ్లీషులో మొదటిది "డిసైడెడ్ టు స్విమ్", రెండోది "గాట్ యూజ్డ్ టు స్విమ్మింగ్". తమాషా ఏంటంటే ఇందాకటి పరీక్ష తెలుగులోనూ పనిచేస్తుంది, "ఈతకి అలవాటు పడ్డాను" అంటాం, "ఈతకి నిర్ణయించుకున్నాను" అనం. పిల్లలకి ఇంగ్లీషు రూలు కంటే ముందు ఇది చెబితే చప్పున ఎక్కేది.

ఆ ఫర్ ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెబుతాను. "మీ జవాబు కోసం ఎదురు చూస్తున్నాం" అని మనసులో అనుకుంటాం, కోసం అంటే ఫర్ అని చిన్నప్పుడు నేర్చుకున్నాం, అది వచ్చి అక్కడ కూర్చుంటుంది. వెయిట్ అయితే ఫర్ తీసుకుంటుంది, "వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై" వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు గానీ కొత్త బయ్యర్‌కి రాస్తే తొందర పెడుతున్నట్టు ఉంటుంది.

లేసు_దారం (నరసాపురం)

మాస్టారూ చాలా థాంక్సండీ, ఈత ఉదాహరణతో మా అక్కకి కూడా వెంటనే అర్థమైపోయింది. ఇంకో రెండు డౌట్లున్నాయండి. ఇప్పుడు మీరు యూజ్డ్ టు తర్వాత స్విమ్మింగ్ అన్నారు కదా, మరి మేం "ఐ యూజ్డ్ టు గో" అని కదా చదువుకున్నాం, అక్కడ వి1 ఎలా వచ్చింది? రెండోది "వి లుక్ ఫార్వర్డ్" అనాలా "వి ఆర్ లుకింగ్ ఫార్వర్డ్" అనాలా, సీనియర్ గారి పాత మెయిల్స్‌లో అయితే "వి ఆర్ లుక్ ఫార్వర్డ్" అని కూడా ఉంది.

కోనసీమ_మాస్టారు (అమలాపురం)

రెండోది ముందు చెప్పేస్తాను. "వి లుక్ ఫార్వర్డ్" కాస్త మర్యాదగా, ఆఫీసు కాగితంలా ఉంటుంది. "వి ఆర్ లుకింగ్ ఫార్వర్డ్" కొంచెం చనువుగా ఉంటుంది. రెండూ కరెక్టే, కొత్త బయ్యర్ కాబట్టి మొదటిది పెట్టండి. "వి ఆర్ లుక్" మాత్రం తప్పు, ఆర్ పక్కన వి1 రాదు. ఫార్వర్డ్ చివర ఎస్ తగిలించి "ఫార్వర్డ్స్" అని కూడా కొందరు రాస్తారు, అదీ వద్దు.

ఇక యూజ్డ్ టు. ఇవి చూడ్డానికి ఒకటే గానీ రెండు వేరు వేరు మాటలు, అసలు గొడవంతా ఇక్కడే ఉంది. "ఐ యూజ్డ్ టు గో" అంటే ఒకప్పుడు వెళ్ళేదాన్ని, ఇప్పుడు లేదు. "ఐ యామ్ యూజ్డ్ టు గోయింగ్" అంటే వెళ్ళడం నాకు అలవాటే. యూజ్డ్ ముందు ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, గెట్, గాట్ లాంటివి ఉన్నాయా లేదా చూడండి. ఉంటే వి4, లేకపోతే వి1. తెలుగులో చూస్తే ఇది ఇంకా సులువు, "వెళ్ళేదాన్ని, చేసేవాణ్ణి, వచ్చేవాళ్ళం" అనే రూపం మీ నోట్లోంచి వస్తే అది ఉత్త యూజ్డ్ టు, "అలవాటు" అనే మాట వస్తే ముందు ఆమో గాటో ఉండే యూజ్డ్ టు. మీరు పంటు దాటుతారు కాబట్టి, "పెళ్ళికి ముందు రోజూ పంటు ఎక్కేదాన్ని" అని అంటే "ఐ యూజ్డ్ టు టేక్ ద ఫెర్రీ", "వరద రోజుల్లో కూడా పంటు ఎక్కడం నాకు అలవాటే" అంటే "ఐ యామ్ యూజ్డ్ టు టేకింగ్ ద ఫెర్రీ". మొదటి వాక్యం చదివినవాళ్ళు ఈవిడ ఇప్పుడు పంటు ఎక్కట్లేదు అనుకుంటారు. చూడండి ఒక్క ఆమ్ మర్చిపోతే అర్థం ఎంత దూరం పోయిందో.

క్లాసులో నేను రెండూ ఒకే వాక్యంలో పెట్టి చెప్పేవాణ్ణి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది కదా, అది పట్టుకుని, "బిఫోర్ ద ఆనికట్, అవర్ ఫార్మర్స్ యూజ్డ్ టు డిపెండ్ ఆన్ ద రెయిన్. ఆఫ్టర్ ఇట్, దే గాట్ యూజ్డ్ టు గ్రోయింగ్ ప్యాడీ విత్ కెనాల్ వాటర్." ఆనకట్టకి ముందు వాన మీద ఆధారపడేవారు, కట్టేక కాలవ నీళ్ళతో వరి పండించడం అలవాటైంది. ఈ రెండు వాక్యాలూ నోటికొచ్చిన పిల్లలు మళ్ళీ తప్పు రాయడం నేను చూళ్ళేదు.

ఇంకో సంగతి, నెగెటివ్‌లో "డిడ్ నాట్ యూజ్ టు" అని రాయాలి, డిడ్ వచ్చేసింది కాబట్టి యూజ్ చివర్న డి ఉండదు. పలికేటప్పుడు తేడా వినపడదు, రాసేటప్పుడు దొరికిపోతాం.

బ్యాంక్_ప్రిపరేషన్ (కాకినాడ)

మాస్టారు గారూ మీరు చెప్పిన పరీక్ష బాగుంది గానీ ఒకచోట నాకు తేడా కొడుతోంది, అడగొచ్చా. "అగ్రీ టు" తీసుకోండి, "వి అగ్రీ టు ఇట్" అనొచ్చు, "వి అగ్రీడ్ టు ద ప్రైస్" అనొచ్చు, అంటే మీ లెక్క ప్రకారం ప్రిపోజిషన్, అప్పుడు "వి అగ్రీడ్ టు సెండింగ్ ద గూడ్స్" అని రావాలి కదా, కానీ ఎక్కడ చూసినా "అగ్రీడ్ టు సెండ్" అనే ఉంటుంది. వాక్యంలో తప్పు పట్టుకోమనే స్పాటింగ్ ఎర్రర్స్‌లో ఇలాంటివి ఇచ్చి చంపుతున్నారండి, గట్టి రూలు ఏదైనా ఉంటే చెప్పండి.

కోనసీమ_మాస్టారు (అమలాపురం)

బాబూ చాలా మంచి ప్రశ్న, ఇలా ఎదురు అడిగేవాళ్ళకే భాష వస్తుంది. అగ్రీ అనేది రెండు టు లనీ తీసుకుంటుంది. వస్తువు పేరు వస్తే ప్రిపోజిషన్ టు, "అగ్రీడ్ టు ద ప్రైస్". పని చేస్తానని ఒప్పుకుంటే మొదటి రకం టు, "అగ్రీడ్ టు సెండ్". కన్సెంట్ కూడా ఇంతే. కాబట్టి నా పరీక్షలో ఫెయిలైన మాటకి వి1 ఖాయం, అనుమానం లేదు. పాసైన మాటకి మాత్రం ఎక్కువ భాగం వి4, ఇలాంటివి కొన్ని తప్పించి. మీ దాకా వచ్చేసరికి పరీక్షల్లో తిరిగి తిరిగి ఇచ్చేవి ఏవంటే లుక్ ఫార్వర్డ్ టు, బి యూజ్డ్ టు, బి అకస్టమ్డ్ టు, ఆబ్జెక్ట్ టు, బి కమిటెడ్ టు, విత్ ఎ వ్యూ టు, ఇన్ ఎడిషన్ టు, వెన్ ఇట్ కమ్స్ టు, వీటన్నిటికీ వి4 అని కళ్ళు మూసుకుని పెట్టేయండి. విత్ ఎ వ్యూ టు దగ్గరే ఎక్కువ మంది పడిపోతారు, ఎందుకంటే "కొనే ఉద్దేశంతో" అనగానే "టు బై" అని చెయ్యి వెళ్ళిపోతుంది, అక్కడ "విత్ ఎ వ్యూ టు బయింగ్" రావాలి. అదే "ఇన్ ఆర్డర్ టు" అయితే "బై".

ఆసక్తి ఉంటే ఒక ముక్క, ఈ రెండు టు లూ పుట్టుకతో ఒకటే. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో క్రియ ముందు వచ్చే టు కూడా ప్రిపోజిషనే, దాని తర్వాత వచ్చే క్రియకి అప్పట్లో నామవాచకానికి ఉన్నట్టు ఒక విభక్తి రూపం ఉండేది. కాలం గడిచేకొద్దీ ఆ చివరి అక్షరాలు అరిగిపోయి ఉత్త వి1 మిగిలింది. అందుకే ఇప్పుడు రెండూ ఒక్కలా కనబడి మనల్ని ఇబ్బంది పెడుతున్నాయి.

అరటి_గెల (రావులపాలెం)

అందరికీ నమస్కారమండి. చదువుతుంటే బానే ఉంది గానీ నాకో మాట అర్థం కావట్లేదండీ, హియర్ అని రాస్తే మాత్రం ఆ బయ్యర్‌కి అర్థం కాదా? మా కుర్రోడు బెంగళూరులో పెద్ద కంపెనీలో చేస్తున్నాడు, వాళ్ళ మేనేజర్లే "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" అని రాస్తారంట. సరుకు బాగుండాలి, రేటు కుదరాలి, టైముకి అందాలి, ఇంగ్ ఉందా లేదా అని ఎవడు చూస్తాడండీ.

నర్సమ్మ_తణుకు (తణుకు)

బాబాయ్ గారూ, అర్థం అవుతుంది, అందులో అనుమానం లేదు. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు కూడా. కానీ రాసింది మాత్రం ఉండిపోతుంది కదండీ, మార్కులు వేసే చోట అయితే మరీను. నేను మా చెల్లికి కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ అనే ఇంగ్లీషు పరీక్షకి ప్రిపేర్ చేయిస్తున్నాను, అందులో రైటింగ్ మొదటి టాస్క్ ఉత్తరమే, కనీసం 150 మాటలు రాయాలి, దానికి ఓ 20 నిమిషాలు తీసుకోమంటారు. మార్కులు నాలుగు భాగాలు సమానంగా వేస్తారు, అందులో ఒక భాగం మొత్తం గ్రామరే. ఉత్తరం అన్నాక చివర్న ఈ వాక్యం దాదాపు అందరూ రాస్తారు, ఎగ్జామినర్ ఆఖరుగా చదివేది అదే. అక్కడ తప్పు కనబడితే అప్పటిదాకా బాగా రాసిందంతా కాస్త పలచనవుతుందని నా అభిప్రాయం.

మా నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలో కూడా రైటింగ్ అంటే లెటరే, పేషెంటుని ఇంకో డాక్టరుకి పంపుతూనో డిశ్చార్జ్ చేస్తూనో రాసేది. అక్కడ ఎక్కువగా వాడేది "ప్లీజ్ డు నాట్ హెసిటేట్ టు కాంటాక్ట్ మి". ఇది హెసిటేట్ టు కాబట్టి వి1. మాస్టారు చెప్పిన పరీక్ష పెడితే "హెసిటేట్ టు ఇట్" అనలేం, సరిపోయింది. మా బ్యాచ్‌లో లుక్ ఫార్వర్డ్ టు కి ఇంగ్ అని బట్టీ పట్టి, ఆ ఊపులో "హెసిటేట్ టు కాంటాక్టింగ్" అని రాసినవాళ్ళు ఉన్నారండి. కారణం తెలియకుండా బట్టీ పడితే ఇలా అవుతుంది, అందుకే ఈ చర్చ నాకు నచ్చింది.

రొయ్యల_ల్యాబ్ (భీమవరం)

డ్యూటీ దిగేనండి, టోన్ సంగతి చెబుతానన్నాను కదా. లుక్ ఫార్వర్డ్ టు లో ఎదురుచూపు ఒక్కటే కాదు, ఆ వచ్చేది మనకి ఇష్టమైంది, సంతోషం కలిగించేది అనే అర్థం కూడా ఉంటుంది. తెలుగులో "ఎదురు చూస్తున్నాం" అని మంచికీ అంటాం, కరెంటు బిల్లుకీ అంటాం, ఆ లెక్కన ఇంగ్లీషులో అన్నిచోట్లా ఇది వాడేస్తే ఇబ్బంది.

మాది రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీ అండి. యూరప్ వాళ్ళు మన దేశం నుంచి వెళ్ళే చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం పోర్టులో శాంపిల్స్ తీస్తారు, 2016లో ఆ తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచేరు. అంటే సగం సరుకు అక్కడ ఆగి పరీక్ష అయ్యేకే కదులుతుంది. అలా కంటైనర్ ఆగినప్పుడు బయ్యర్ టెన్షన్‌లో ఉంటాడు, మనమూ టెన్షన్‌లోనే ఉంటాం, ఆ టైములో "వి ఆర్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ల్యాబ్ రిపోర్ట్" అని రాస్తే గ్రామర్ ప్రకారం నూటికి నూరు కరెక్టే గానీ చదివేవాడికి వీళ్ళకేంటి ఇంత హుషారు అనిపిస్తుంది. అక్కడ "వి అవైట్ ద ల్యాబ్ రిపోర్ట్" అని రాయాలి. అవైట్ పక్కన టు గానీ ఫర్ గానీ ఏమీ రాదు, ఇది కూడా గుర్తుంచుకోండి, "అవైటింగ్ ఫర్" అని మా దగ్గర రోజూ చూస్తుంటాను. డబ్బులు రావాల్సినప్పుడు "వి లుక్ ఫార్వర్డ్ టు రిసీవింగ్ ద పేమెంట్ బై ఫ్రైడే" అంటే మాత్రం బాగుంటుంది, మర్యాదగానూ ఉంటుంది, తేదీ ఉంది కాబట్టి గట్టిగానూ ఉంటుంది.

రావులపాలెం బాబాయ్ గారికి ఒక మాట, సరుకు బాగుంటే చాలన్నది నిజమే, కానీ కొత్త బయ్యర్‌కి సరుకు కంటే ముందు చేరేది మెయిలే కదండీ. అతను లేసు పట్టుకు చూసే దాకా అతని దగ్గర ఉన్నది ఈ నాలుగు వాక్యాలే.

అరటి_గెల (రావులపాలెం)

ఆయ్, అదీ నిజమేనండి. శాంపిల్ చేరే దాకా చేతిలో ఉండేది ఉత్తరమే, ఒప్పుకున్నాను. మా కుర్రోడికి ఈ ఇట్ పెట్టి చూసే కిటుకు పంపించేను.

లేసు_దారం (నరసాపురం)

అందరికీ పేరు పేరునా థాంక్సండి. సీనియర్ గారికి "లుక్ ఫార్వర్డ్ టు ఇట్", "వాంట్ టు ఇట్" రెండూ కాగితం మీద రాసి చూపించేను, ఆయన రెండు సార్లు చదువుకుని అవునమ్మా, ఇది వేరే టు అన్నమాట అని, నా ముందే పాత మెయిల్ ఫార్మాట్ తెరిచి "ఆర్ లుక్" ఉన్నచోటల్లా దిద్దించేరు. ఇప్పుడు మెయిల్ ఆఖరి పేరా ఇలా ఉందండి:

"ది అటాచ్డ్ కొటేషన్ ఈజ్ వ్యాలిడ్ ఫర్ థర్టీ డేస్. వి కెన్ సెండ్ త్రీ శాంపిల్ పీసెస్ ఇఫ్ యూ లైక్. వి లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ."

ఆఖరిది ఒక్కటి, ఆ బయ్యర్ గారు వచ్చే సీజన్లో ఇక్కడికొచ్చి అల్లిక చూస్తానన్నారు. దానికి "వి లుక్ ఫార్వర్డ్ టు యూ విజిటింగ్" అనాలా "యువర్ విజిటింగ్" అనాలా?

కోనసీమ_మాస్టారు (అమలాపురం)

పేరా చక్కగా ఉందమ్మా, చిన్న చిన్న వాక్యాలు, ఎక్కడా అలంకారం లేదు, అలాగే పంపండి. ఆ శాంపిల్స్ ఉచితమా కాదా అన్నది మాత్రం అక్కడే రాసేయండి, లేకపోతే దానికో మెయిల్ వస్తుంది.

విజిటింగ్ సంగతి, రెండూ వాడతారు. "యువర్ విజిటింగ్" పాత పద్ధతి, మరీ గ్రాంథికంగా ఉంటుంది. "యూ విజిటింగ్" ఇప్పటి వాడుక, కానీ కొంతమంది పెద్దవాళ్ళకి అది రుచించదు. మీకు ఆ తగాదా అక్కర్లేదు, విజిట్ అనేదే నామవాచకం కూడా కాబట్టి "వి లుక్ ఫార్వర్డ్ టు యువర్ విజిట్" అని రాసేయండి, పొట్టిగానూ ఉంటుంది. నరసాపురం పేరు కూడా పెట్టాలంటే "టు వెల్కమింగ్ యూ టు నరసాపూర్" అనండి, అందులో మొదటి టు తర్వాత వి4, రెండో టు తర్వాత ఊరి పేరు, రెండూ ప్రిపోజిషన్లే.